డీజిల్ బండి ఇంజిన్ పోతే: బాగు చేయించేదా, మార్చేసేదా?

డీజిల్ కారు ఇంజిన్ పాడైందని షెడ్డుకు తీసుకుపోతే ఇప్పుడు మొదట వినబడే మాట "మార్చేయండి సార్, బాగు చేస్తే నిలవదు" అని. బానెట్ ఎత్తి, ఆయిల్ గేజు తీసి చూసి, పది నిమిషాల్లో చెప్పేస్తారు. ఇంజిన్ విప్పకుండా, కొలవకుండా చెప్పే ఆ మాటను మేము ఒప్పుకోం. అలాగని "పాత ఇంజినే మేలు, ఎంతైనా పెట్టి బాగు చేయించాల్సిందే" అనే మన పెద్దవాళ్ళ మాటనూ పూర్తిగా ఒప్పుకోం. రెండింటి మధ్య విప్పి చూడడం అనే ఒక పని ఉంది. దానికి ఐదారు వేలు, రెండు మూడు రోజులు పడతాయి. ఆ ఖర్చుకు వెనకాడి లక్షల్లో తప్పు నిర్ణయం చేసేవాళ్ళను మన బంధువుల్లోనే చాలామందిని చూశాం.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈ ఏడాదిలోనే హోసూరు నుంచి ఒకరు, బళ్ళారి నుంచి ఇద్దరు, బరంపురం నుంచి మా అత్తవాళ్ళ తరఫు వాళ్ళు ఇదే ప్రశ్న అడిగారు. ఇంతమందికి ఒకేసారి ఈ కష్టం రావడం వింతేమీ కాదు. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది, డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబరు దాకా వదల్లేదు. ఆ నాలుగేళ్ళలో రెండింటి ధరకూ మధ్య ఉన్న తేడా చూసి, రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్ళు కూడా డీజిల్ బండే కొన్నారు. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళకు, తిరుపతికి, ఊర్లో పొలానికి తిరగడానికి అదే వాటం అనుకున్నాం. ఆ బండ్లన్నీ ఇప్పుడు పదేళ్ళ వయసు దాటాయి. అన్నీ ఒకేసారి బోరుకొస్తున్నాయి.

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా కంపెనీలు చిన్న డీజిల్ ఇంజిన్లు కట్టడమే మానేశాయి. దేశంలో అందరికంటే ఎక్కువ కార్లు అమ్మే మారుతి కూడా డీజిల్ వదిలేసింది. కాబట్టి "పాతది అమ్మేసి అలాంటిదే కొత్తది కొందాం" అనే దారి చాలా మందికి మూసుకుపోయింది. ఇప్పుడు కొత్త డీజిల్ కావాలంటే చాలావరకు పెద్ద బండే కొనాలి, పెద్ద డబ్బు పెట్టాలి. మన చేతిలో ఉన్న ఇంజిన్ గురించి కాస్త నిదానంగా ఆలోచించమనడం అందుకే.

మా బండి సంగతి చెబుతాం. 2012 నవంబరులో కొన్నది, నాలుగు సిలిండర్ల డీజిల్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కిందటేడు కోయంబత్తూరు నుంచి హోసూరులో పెళ్ళికి పోతుంటే, సేలం దాటాక తొప్పూరు ఘాట్ ఎక్కేటప్పుడు రేడియేటర్ కింది హోస్ పగిలింది. మా అన్న కొడుకు నడుపుతున్నాడు. వేడి ముల్లు పైకి లేవగానే బండి పక్కకు తీసి ఆపేశాడు. అయినా అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. దానికి కారణం చాలామందికి తెలియదు. వేడిని కొలిచే సెన్సారు నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్ళన్నీ ఒక్కసారిగా కారిపోతే అది గాలిలో ఉంటుంది, ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు నెమ్మదిగా కదులుతుంది. ముల్లు ఎర్రగీతకు వచ్చేసరికి లోపల అల్యూమినియం హెడ్ వంగిపోయి ఉంటుంది. కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. మధ్యలో నలిగేది గ్యాస్కెట్.

బండిని లారీ మీద ఎక్కించి కోయంబత్తూరుకు తెచ్చి, అధికారిక వర్క్‌షాపులో దింపాం. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది. "నీళ్ళు ఆయిల్‌లో కలిసినాయి, బేరింగులు పోయుంటాయి, కొత్త ఇంజినే" అన్నారు. ఇంజిన్‌కు 2,85,000, బిగించే కూలీ, మిగతావి కలిపి ఇంకో 30,000. ఇంజిన్ రావడానికి మూడు నాలుగు వారాలు. విప్పి చూడరా అని అడిగితే, ఆ మోడలుకు మేము ఇప్పుడు ఓవర్‌హాల్ చేయడం లేదన్నారు. అంతకుమించి మాట లేదు. వాళ్ళ ఇబ్బంది మాకు అర్థమవుతుంది. పెట్టెలో వచ్చిన ఇంజిన్ బిగిస్తే గ్యారంటీ పై కంపెనీది, తెచ్చిన ఇంజిన్‌ను బాగు చేస్తే ఆ బాధ్యత వాళ్ళ మెడకు. వాళ్ళకు అనువైనది చెప్పారు. అది మనకు కూడా అనువైనదేనా అని మనమే చూసుకోవాలి.

ఇంట్లో ఏ ఇద్దరూ ఒక మాట మీద లేరు. పెదనాయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈ బండి వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకుని వస్తాడు. ఆయన నలభై ఏళ్ళు లేత్ మీద పని చేసిన మనిషి. "ఇనుము కదరా, ఇనుమును బాగు చేయలేనిది ఏముండాది?" అన్నాడు. చిన్నాయన మాట వేరు. "పదమూడేళ్ళు తిరిగినాది, చాలు. స్క్రాపు కింద అమ్మేసి వదిలించుకోండి." బ్యాంకులో పనిచేసే మా వదిన కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంది. చివరికి ఆ కాగితమే దారి చూపింది గానీ, దానికి ముందు పెదనాయన మాట ఎంతవరకు నిజమో చెప్పుకోవాలి.

కోయంబత్తూరు తెలుగువాళ్ళకు ఇంజిన్ అంటే ఒక గర్వం. అది ఊరికే వచ్చింది కాదు. నల్లరేగడి మీద పత్తి పండించి, లోతైన బావుల్లోంచి ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన వాళ్ళు మనవాళ్ళు. ఎద్దుల తర్వాత ఆయిల్ ఇంజిన్ వచ్చింది. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక కరెంటు మోటార్లు వచ్చాయి. బావి దగ్గర పాడైన దాన్ని బాగు చేయడంతోనే ఈ ఊళ్ళో ఫౌండ్రీలు, లేత్ షాపులు పెరిగాయి. జి.డి. నాయుడు గారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. అదే తర్వాత యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలో తొలి కరెంటు మోటారు తయారు చేసిన ఘనత కూడా ఆయనదే. మన ఇళ్ళలో ఈ పేర్లు వినకుండా పెరిగిన పిల్లలు ఉండరు. "అంతటి మనుషులు పుట్టిన ఊళ్ళో ఒక కారు ఇంజిన్ బాగు చేయలేరా" అనే మాట అక్కడి నుంచే వస్తుంది.

ఇక్కడే మేము పెద్దవాళ్ళతో విభేదిస్తాం. తాతల కాలం ఆయిల్ ఇంజిన్ వేరు, కామన్ రైల్ కారు ఇంజిన్ వేరు. ఆ లిస్టర్ రకం ఇంజిన్, రాజ్‌కోట్‌లో కూడా కుప్పలుగా కట్టారు, నిమిషానికి 650 చుట్లు తిరిగేది. మా కారు ఏ పనీ చేయకుండా నిలబడి ఉన్నప్పుడే 800 చుట్లు తిరుగుతుంది, తొక్కితే 4,000 దాటుతుంది. ఆ పాత ఇంజిన్ బేరింగు కొంచెం వదులైనా టక్కుటక్కుమంటూ ఇంకో పదేళ్ళు నీళ్ళు తోడింది. కారు ఇంజిన్‌లో బేరింగుకూ క్రాంకుకూ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. కామన్ రైల్‌లో డీజిల్ 1,600 బార్ ఒత్తిడితో ఇంజెక్టర్‌లోకి పోతుంది. కార్ టైరులో గాలి రెండు బార్ పైచిల్లర అని గుర్తు పెట్టుకుంటే ఆ ఒత్తిడి ఏపాటిదో తెలుస్తుంది. పాత క్రాంకును రెండు మూడుసార్లు గ్రైండింగ్ చేసి, 0.25, 0.50 అని అండర్‌సైజ్ బేరింగులు వేసి నడిపేవారు. ఇప్పటి క్రాంకుల్లో చాలావాటికి పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటుంది. గ్రైండ్ చేస్తే ఆ పొర పోతుంది, లోపలి మెత్తని ఉక్కు బయటపడుతుంది. అలాంటి క్రాంకు చూడడానికి అద్దంలా మెరుస్తుంది, ఆరు నెలల్లో కొట్టుకోవడం మొదలుపెడుతుంది. "బాగు చేస్తే నిలవదు" అనే మాట ఇలాంటి పనుల వల్లే పుట్టింది. అందులో నిజం లేకపోలేదు.

కాబట్టి ప్రశ్న "బాగు చేయవచ్చా" అని కాదు. ఏ భాగం కొలతలో ఉంది, ఏది కొలత దాటింది, దాటినదానికి భాగం దొరుకుతుందా అని. మేము గణపతి దగ్గర ఉన్న ఒక మేస్త్రి దగ్గరికి బండి మార్చాం. తమిళాయన, మాతో సగం తెలుగు సగం తమిళం కలిపి మాట్లాడతాడు. మొదటే చెప్పాడు, "అన్నా, విప్పడానికి ఆరు వేలు. కొలత చూసినాక మీరు వద్దంటే ఆ ఆరు వేలిచ్చి ఎత్తుకుపోండి." ఈ మాట చెప్పే మేస్త్రి దొరికితే సగం పని అయినట్లే. విప్పకముందే మొత్తం ఇంతవుతుందని ఖాయంగా చెప్పేవాణ్ణి నమ్మకండి, తక్కువ చెప్పినా సరే.

విప్పితే బయటపడింది ఇది. హెడ్ 0.18 మిల్లీమీటర్లు వంగింది. సాధారణంగా 0.05 నుంచి 0.10 లోపలే ఒప్పుకుంటారు. ఫేసింగ్ చేయిద్దామా అంటే, ప్రెషర్ టెస్టులో రెండు వాల్వుల మధ్య సన్నని పగులు కనబడింది. కాబట్టి ఆ హెడ్ పనికిరాదు. మూడో సిలిండర్‌లో పిస్టన్ రాసుకుని గీతలు పడ్డాయి. బ్లాకు పైభాగం మాత్రం చక్కగా ఉంది, పగులు లేదు. అన్నిటికంటే ముఖ్యం, క్రాంకు జర్నల్స్ అన్నీ కంపెనీ కొలతలోనే ఉన్నాయి. బేరింగుల మీద మాత్రం నీళ్ళు కలిసిన ఆయిల్ తిన్న గుర్తులు. క్రాంకు ముట్టుకోకుండా స్టాండర్డ్ బేరింగులు వేస్తే చాలు. ఈ ఒక్క సంగతి తెలియడంతో మా నిర్ణయం సగం తేలిపోయింది.

హెడ్ ఫేసింగ్ గురించి ఒక మాట. పెట్రోలు ఇంజిన్ హెడ్‌ను కాస్త చెక్కితే పెద్దగా ఏమీ కాదు. డీజిల్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్‌కు దాదాపు ఆనుకుంటుంది. ఎక్కువ చెక్కితే వాల్వు వెళ్ళి పిస్టన్‌కు తగలవచ్చు. కొన్ని ఇంజిన్లకు హెడ్ చెక్కనే కూడదని కంపెనీ మాన్యువల్‌లోనే ఉంటుంది. గ్యాస్కెట్ కూడా ఒకే మందంలో రాదు. పిస్టన్ బ్లాకు పైకి ఎంత లేస్తుందో కొలిచి, దానికి తగ్గ మందం ఎంచుకోవాలి. గ్యాస్కెట్ అంచున ఉండే గాట్లు, రంధ్రాలు ఆ మందానికి గుర్తులు. "ఏదో ఒకటి వేసేయ్" అనే చోట ఇంజిన్ విప్పించకండి. హెడ్ బోల్టులు కూడా సాగే రకం అయితే కొత్తవే వేయాలి. వందల్లో పోయే ఖర్చు దగ్గర పిసినారితనం చేస్తే ఇంకోసారి హెడ్ ఎత్తాల్సి వస్తుంది.

ఇప్పుడు వదిన కాగితం. చాలామంది చేసే లెక్క ఇలా ఉంటుంది: "బండి విలువ రెండున్నర లక్షలు, రిపేరుకు లక్ష దాటుతోంది, దండగ." వదిన ఆ లెక్క తప్పంది. చూడాల్సింది బండి విలువ కాదు, ఇప్పుడున్న స్థితిలో విలువకూ బాగైన తర్వాత విలువకూ ఉన్న తేడా. కదలని బండికి బ్రోకర్లు ఇస్తామన్నది 70,000. నడిచే స్థితిలో అదే బండికి 2,40,000. తేడా 1,70,000. మేస్త్రి రాసిచ్చిన ఖర్చు 1,17,000. అందులో పెద్ద పద్దు కొత్త హెడ్, 32,000. నాలుగు సిలిండర్లకూ 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు 14,000. బోరింగు వగైరా లేత్ పని 9,500. ఇంజెక్టర్లు పరీక్ష చేయించి రెండింటికి నాజిల్ మార్చడానికి 11,000. మేస్త్రి కూలీ 18,000. మిగతాది బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు, టైమింగ్ చైను, వాటర్ పంపు, హోసులు, ఆయిల్. 1,70,000 తేడాకు 1,17,000 పెట్టడంలో అర్థముంది. అదే తేడాకు కొత్త ఇంజిన్‌కని 3,15,000 పెడితే, బండి రోడ్డెక్కిన రోజే లక్షన్నరకు దగ్గరగా పోయినట్లు. కొత్త ఇంజిన్ ఉందని పదమూడేళ్ళ బండికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు. గేర్‌బాక్సు, క్లచ్చు, సస్పెన్షన్, వైరింగు అన్నీ పదమూడేళ్ళవే కదా.

స్క్రాపు కింద అమ్మేద్దామన్న చిన్నాయన మాటకూ కాగితంలో జవాబు ఉంది. 70,000 తీసుకుని, ఇంకో 1,70,000 కలిపి పాత డీజిల్ బండి ఒకటి కొంటే, దాని ఇంజిన్ లోపల ఎలా ఉందో మనకు తెలియదు. మన ఇంజిన్ లోపల ఎలా ఉందో ఇప్పుడు వందో వంతు మిల్లీమీటరు దాకా తెలుసు.

మధ్యలో ఇంకో దారి కూడా వచ్చింది, సెకండ్ హ్యాండ్ ఇంజిన్. చెన్నై పుదుప్పేటలో కావాలంటే ఏ ఇంజినైనా దొరుకుతుందని అందరికీ తెలుసు. మాకు 75,000 అన్నారు, బిగించడానికి 25,000. మొత్తం లక్ష, రిపేరు కంటే పదిహేడు వేలు తక్కువ. మేము వద్దనుకున్నాం. ఆ ఇంజిన్ ఏ బండిలోంచి వచ్చిందో, ఆ బండి గుద్దుకుందో, వరదలో మునిగిందో ఎవరూ చెప్పరు. అమ్మేవాడు "టెస్టింగ్ గ్యారంటీ" అంటాడు. అంటే బిగించి స్టార్ట్ అయితే చాలు, వారం తర్వాత అతనికి సంబంధం లేదు. అంతకంటే ముఖ్యం కాగితాలు. ఆర్‌సీ మీద ఇంజిన్ నంబరు ఉంటుంది. ఇంజిన్ మార్చితే ఆ నంబరు మారుతుంది, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పు ఆర్‌టీఓకు తెలియకుండా చేయకూడదు. కొన్న బిల్లు, పాత బండి వివరాలు లేకపోతే ఆ నంబరు ఎక్కించుకోవడం కష్టం. ఎక్కించుకోకుండా తిరిగితే, రేపు యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్సువాడు మొదట చూసేది అదే. ఆ ఇంజిన్ దొంగబండిది అయితే పోలీసు స్టేషన్ మెట్లు కూడా ఎక్కాలి. మా బ్లాకు మాదే ఉంచుకుని బాగు చేయిస్తే నంబరు మారదు, ఈ తలనొప్పి ఏదీ లేదు. పదిహేడు వేలకు మేము కొన్నది ఆ నిమ్మళం.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. ఇంజిన్ వేడెక్కి పోయినా, అరిగి పోయినా మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ డబ్బివ్వదు. అది మెకానికల్ బ్రేక్‌డౌన్ కింద పోతుంది. నీళ్ళు ఇంజిన్ లోపలికి పోయినా అంతే, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే తప్ప. చెన్నైలో, యానాంలో ఉన్న మనవాళ్ళు ఇది ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాలి. 2015లో చెన్నైలోనూ, 2022లో గోదావరి వరదకు యానాంలోనూ బండ్లు మునిగాయి. మునిగిన డీజిల్ బండికి సెల్ఫ్ కొట్టకూడదు. డీజిల్ ఇంజిన్ గాలిని పదహారు పదిహేడు రెట్లు నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. సిలిండర్‌లో నీళ్ళుండగా క్రాంకు తిరిగితే వంగేది కనెక్టింగ్ రాడ్. సెల్ఫ్ కొట్టకపోతే వేలల్లో పోయే పని, కొడితే లక్షల్లోకి పోతుంది. పైగా "మీరే స్టార్ట్ చేసి పాడు చేశారు" అని క్లెయిమ్ కూడా కొట్టేస్తారు.

ఇదంతా చదివి, ప్రతి ఇంజినూ బాగు చేయించాలని మేము చెబుతున్నామనుకోకండి. హోసూరులో మా బావగారి బండికి టైమింగ్ చైను తెగి, రాడ్ విరిగి బ్లాకు పక్కనుంచి బయటికి వచ్చింది. బొటనవేలు పట్టేంత రంధ్రం. అక్కడ ఒకాయన వెల్డింగ్ చేసి ఇస్తానన్నాడట. బావగారు అడిగితే మేము ఒక్కటే చెప్పాం, ఆ బ్లాకును మర్చిపోండి అని. పోత ఇనుప బ్లాకుకు, అదీ డీజిల్ ఒత్తిడి మోసే చోట, వెల్డింగ్ నిలవదు. క్రాంకు విరిగినా, బ్లాకు నీళ్ళ దారిలో పగిలినా, క్రాంకు కొలత దాటి దానికి అండర్‌సైజ్ బేరింగులే రాకపోయినా, బాగు చేయించాలనే మాట వదిలేయాలి. బావగారికి తెలిసినవాళ్ళదే అదే మోడలు బండి ఒకటి వెనక నుంచి లారీ గుద్ది నలిగిపోయింది. ఇంజిన్ మాత్రం స్టార్ట్ అవుతోంది. దాన్ని బండిలో ఉండగానే నడిపి విని, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించి, బిల్లు రాయించుకుని కొన్నాడు, ఆర్‌టీఓలో నంబరు ఎక్కించాడు. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనాలంటే అలా కొనాలి. అందరికీ అలాంటిది దొరకదు, ఆయన అదృష్టం.

ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. కోయంబత్తూరులో బోరింగు మెషిను ఉన్న షాపు కోసం వెతకనక్కరలేదు. బరంపురం అత్తవాళ్ళకు దగ్గర్లో నమ్మకమైన షాపు దొరకలేదు, బ్లాకును విశాఖపట్నం పంపాలా అని అడిగారు. పంపమనే చెప్పాం. బ్లాకు, పిస్టన్లు రెండూ కలిపి పంపండి, పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయమనండి అన్నాం. పెట్టె మీద 0.50 అని రాసి ఉంటుంది గానీ, చేతిలో ఉన్న పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచాకే బోరు మొదలుపెట్టేవాడు పనివాడు.

ఆ పనివాళ్ళు తగ్గిపోతున్నారు. మా బ్లాకు బోరు చేసిన ఆయనకు అరవై దాటింది. ఇద్దరు కొడుకులూ కంప్యూటరు ఉద్యోగాల్లో ఉన్నారు. షాపులో ఇంకో మనిషి లేడు. పెదనాయన డయాలసిస్ లేని ఒక రోజు పొద్దున అక్కడికి తీసుకుపోమంటే తీసుకుపోయాం. ఇద్దరూ బోరు గేజు ముల్లు చూసుకుంటూ గంటసేపు కూర్చున్నారు. హోనింగ్ గీతలు ఎన్ని డిగ్రీల్లో పడాలి, ఆయిల్ వాటిల్లో ఎలా నిలబడాలి అని వాదించుకున్నారు. మనం అందరం "మార్చేయండి" అన్నదానికి తల ఊపుతూ పోతే ఇంకో పదేళ్ళకు ఈ ఊళ్ళో కూడా మార్చడం తప్ప దారి ఉండదు. ఇది సెంటిమెంటు అని చిన్నాయన అంటాడు. మేము దీన్ని లెక్కలో వేయలేదు, వేయకుండానే లెక్క కుదిరింది. కుదరకపోయుంటే ఈ ఒక్క కారణంతో చేయించే వాళ్ళం కాదు.

పని మొత్తం ఇరవై ఆరు రోజులు పట్టింది. అన్నాళ్ళూ పెదనాయనను టాక్సీలో తీసుకుపోయాం. చిన్న బండి, కాళ్ళు చాపడానికి లేదు, ఆయనకు కష్టమే అయింది. ఖర్చులో ఆ టాక్సీ డబ్బు కూడా కలపాలి, ఇంట్లో మనిషి పడిన ఇబ్బందికి మాత్రం పద్దు రాయలేం. కొత్త ఇంజిన్ అయినా మూడు నాలుగు వారాలు పట్టేది కాబట్టి అక్కడ తేడా రాలేదు. బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ తొక్కకుండా, అలాగని ఒకే వేగంలో ఈడ్చకుండా నడిపాం. వెయ్యికి ఆయిల్, ఫిల్టర్ మార్చాం. ఆ పాత ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద పోసి లోహపు పొడి ఏమైనా ఉందా అని మేస్త్రి చూపించాడు. పాత పిస్టన్లు, బేరింగులు, పగిలిన హెడ్ అన్నీ సంచిలో వేసి మాకు ఇచ్చేశాడు. మీరు కూడా అడిగి తీసుకోండి. మార్చానని చెప్పి మార్చనివాళ్ళు లోకంలో ఉన్నారు. కొలతలన్నీ ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

ఇప్పటికి పద్నాలుగు నెలలు, 16,000 కిలోమీటర్లు. ఆయిల్ తగ్గడం లేదు, నీళ్ళు తగ్గడం లేదు. మైలేజీ పాతదే. పొద్దున చలిలో మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది.

మిగిలిన చిక్కు ఒకటుంది. 2027 నవంబరుకు పదిహేనేళ్ళు నిండుతాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, అది ఐదేళ్ళకు ఇస్తారు. ఫీజు 2022 ఏప్రిల్ దాకా 600 ఉండేది, 5,000 చేశారు. దానికి ముందు ఫిట్‌నెస్ పరీక్ష, పైన తమిళనాడు గ్రీన్ ట్యాక్సు. ఢిల్లీలో పెట్టినట్లు పదేళ్ళకే డీజిల్ బండిని ఆపేసే నియమం ఇక్కడ లేదు గానీ, రేపు రాదని ఎవరు చెప్పగలరు? ఆ గడువుకు ముందే అమ్మేయాలని చిన్నాయన ఇప్పటినుంచే అంటున్నాడు. వదిన ఇంకో కాగితం తీస్తానంది. పెదనాయన ఏమీ అనలేదు, శుక్రవారం ఆస్పత్రికి ఎన్ని గంటలకు బయలుదేరాలి అని మాత్రం అడిగాడు.